పెన్ను ఆగిన చోటు

"సంతకం పెట్టడానికి మీకేం అడ్డం ప్రమోద గారూ? షెరిఫ్ పెట్టాడు, కౌంటీ డాక్టర్ పెట్టాడు. మిగిలింది మీరొక్కరే."

"నేను పెట్టను," అంది ప్రమోద.

గ్యాస్ స్టేషన్ గోడకి బిగించిన పబ్లిక్ ఫోన్ అది. టైము ఎనిమిదిన్నర. అవతలి గొంతు జగదీష్‌ది. డాలస్‌లో టాల్‌గ్రాస్ ఇన్సూరెన్స్ కంపెనీకి అతను వైస్ ప్రెసిడెంట్. అదే కంపెనీలో ప్రమోద పన్నెండేళ్ళుగా క్లెయిమ్స్ ఇన్వెస్టిగేటర్. వాల్తేరులో స్టాటిస్టిక్స్ చదివిన మనిషి చావులూ మంటలూ వరదలూ ఆరా తీసే ఉద్యోగంలో పడిందేమిటని కొత్తవాళ్ళు వింతపడేవారు. లెక్క కుదరకపోతే ఆమెకి అన్నం సహించదని తెలిసినవాళ్ళు పడేవారు కాదు.

"మీకు సిట్యుయేషన్ అర్థం కావట్లేదు," అన్నాడు జగదీష్, విసుగు దాచుకుంటూ. "రెండింటికి కౌంటీ కమిషనర్ల మీటింగ్. బిట్టర్ క్రీక్ కరకట్ట ఇరవై అయిదు అడుగులకి అప్రూవ్ చేస్తారు. దాని వెనకాల పన్నెండు వందల ఇళ్ళు లేస్తాయి. ఇన్సూరెన్స్ మనది, ఇన్వెస్ట్‌మెంటూ మనదే. భాస్కర్ ఫైలు ఓపెన్‌గా ఉన్నంతసేపూ వాళ్ళ లాయర్ ఓటింగ్ జరగనివ్వడు. పన్నెండింటికల్లా క్లోజ్ చేయండి. యాక్సిడెంట్. వాగు దాటబోయి పోయాడు."

"వాగు ఎంత లోతుందో కొలవడమే అతని ఉద్యోగం. పదకొండేళ్ళు అదే చేశాడు. అలాంటివాడు పది అడుగుల నీళ్ళలోకి కారు దించాడంటే నేను నమ్మను."

"నమ్మమని అడగట్లేదు. సంతకం అడుగుతున్నాను."

"అయితే వేరే మనిషిని పెట్టుకోండి. పన్నెండు దాకా ఈ కేసు నాది. ఇప్పుడు గేజ్ దగ్గరికి వెళుతున్నాను."

"జాగ్రత్తగా వెళ్ళండి," అని జగదీష్ ఫోన్ పెట్టేశాడు.

ప్రమోద కారెక్కింది. సీటు మీద మూడు వస్తువులున్నాయి. షెరిఫ్ ఆఫీసు ఇచ్చిన చార్టు కాపీ, భాస్కర్ తాళం చెవుల గుత్తి, అతని భార్య ఉషా రాసిన ఒక చిన్న కాగితం.

ఆ గుత్తీ కాగితమూ నిన్న సాయంత్రం డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో ఉషా ఇచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది గానీ మాట మాత్రం తడబడలేదు.

"ఆయన ఫోన్ చేసింది ఐదూ నలభైకి అక్కా. టీవీలో వెదర్ మ్యాప్ చూపిస్తున్నాడు. 'ట్వంటీ సెవెన్ అండ్ హాఫ్, రాసి పెట్టుకో' అన్నారు. గ్రోసరీ లిస్టు మీదే రాశాను. షెరిఫ్‌కి ఇది చూపిస్తే, నాలుగుంబావుకి పోయిన మనిషి ఐదూ నలభైకి ఎలా ఫోన్ చేస్తాడమ్మా, నువ్వు రెస్ట్ తీసుకో అన్నాడు. నేనేం పిచ్చిదాన్నా అక్కా?"

"కాదు," అంది ప్రమోద. చనిపోవడానికి ముందు రోజు భాస్కర్ ఆమె ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేసి మెసేజ్ పెట్టాడు. పనిలో పడి ఆమె తిరిగి చేయలేదు. పదమూడు రోజులుగా ఆ సంగతి ఆమెని వదలడం లేదు.

*

బిట్టర్ క్రీక్ ఇప్పుడు మోకాలి లోతుంది. కాజ్‌వే అనే పల్లపు రోడ్డు మీద వాగు దాటి ఉత్తరపు గట్టు ఎక్కితే సిమెంటు గది, నీటిమట్టం కొలిచే గేజ్ హౌస్. దాని ముందు అప్పటికే ఒక కారు ఆగి ఉంది. కోటూ టై వేసుకున్న అరవై ఏళ్ళ మనిషి తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

డాక్టర్ అచ్యుతరావు. ఈ వాగు వరద లెక్కలన్నీ ఆయన కంపెనీవే. భాస్కర్ ఆయన దగ్గరే పనిచేసేవాడు. డాలస్ తెలుగువాళ్ళ సభల్లో మొదటి వరస కుర్చీ ఆయనది.

"నువ్వు వస్తావని జగదీష్ ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి చెప్పాడమ్మా," అన్నాడు. "ఇక్కడికి దగ్గరే గనక వచ్చాను. నా మోడల్ మీద నీకేదో అనుమానమట."

"మోడల్ కంటే ముందు మీరు దానికి పెట్టిన తిండి మీద అనుమానం. ఈ గేజ్‌ని మీరు ఇదివరకు చూశారా?"

"చూడాల్సిన పనేముంది? డేటా ఆఫీసుకి వస్తుంది."

"మరి తాళం చెవి?"

ఆయన జేబులో చెయ్యి పెట్టి ఊరికే తీసేశాడు. ప్రమోద భాస్కర్ గుత్తితో తలుపు తీసింది.

లోపల ఇద్దరు నిలబడేంత చోటే ఉంది. నేల కింద బావిలాంటి గొట్టం, అందులో నీటితోపాటు తేలే రేకు డబ్బా. డబ్బాకి కట్టిన సన్నటి తీగ పైన చక్రాన్ని తిప్పుతుంది. చక్రం పెన్నుని జరుపుతుంది. గడియారంతో నడిచే కాగితం మీద నీటిమట్టం గీతగా పడుతుంది. ప్రమోద చార్టు కాపీని బల్ల మీద పరిచింది.

"పదమూడో తారీఖు గురువారం. పైన వాన మొదలైంది పన్నెండున్నరకి. రెండూ ముప్పై అయిదుకి పన్నెండు అడుగులు, అంటే కాజ్‌వే మునిగింది. నాలుగూ పదికి ఇరవై రెండు అడుగులు. అక్కడినుంచి గీత పడుకుంది. మర్నాడు పొద్దున షెరిఫ్ వచ్చేదాకా అలాగే ఉంది."

"మట్టి పేరుకుని డబ్బా ఇరుక్కుంది. ఆ సమయానికే భాస్కర్ కంగారుపడి తిరుగు ప్రయాణం కట్టాడు. పాపం. గరిష్ఠం ఇరవై రెండు అని మేం తీసుకున్నాం. అనుమానం కొద్దీ కొంచెం కలిపి కూడా చూశాను. యాభై అయిదేళ్ళ రికార్డు ఉంది నా దగ్గర. వందేళ్ళ వరద ఇరవై మూడు. కట్ట ఇరవై అయిదు. ఇంకా రెండడుగులు సేఫ్టీ ఉంది."

"నాలుగూ పది దాకా గీత చూడండి. అలలకి వణుకుతోంది. ఆ తర్వాత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. మొదట్లో ఈ సిరా చుక్క చూశారా? పెన్ను ఒక్కసారి అదిరి ఆగింది. మట్టి నెమ్మదిగా పట్టుకుంటుంది. ఇలా అదరదు." ఆమె టార్చి వెలిగించి చక్రం పక్కన వంగింది. "ఇక్కడ చూడండి."

చక్రం ఇరుసు మీద ఒక మర. పదకొండేళ్ళ నూనే మురికీ పట్టి నల్లగా ఉన్న దాని తల మీద రెండు తెల్లటి గీరలు మెరుస్తున్నాయి. మర చివరిదాకా బిగించి ఉంది, చక్రం కదలడం లేదు.

అచ్యుతరావు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "భాస్కరే బిగించి ఉండొచ్చు."

"ఎందుకు? ఆ అంకె కోసమే కదా వానలో వచ్చాడు."

"అయితే ఎవరంటావు? నేనా?"

"కాదు. పదమూడున మీరు ఆస్టిన్‌లో ఉపన్యాసం ఇచ్చారు. కనుక్కున్నాను."

"నన్ను కూడా కనుక్కున్నావా!" ఆయన మొహం ఎర్రబడింది. "నీ వయసు నా సర్వీసుకి సరిపోదు. ఒక్క మర మీది గీర చూసి యాభై అయిదేళ్ళ రికార్డుని కాదంటావా? సరే, భాస్కర్ భార్య చెప్పిన ఇరవై ఏడున్నర నిజమే అనుకుందాం. మిగతా అన్ని సంవత్సరాలూ ఎనిమిది నుంచి పంతొమ్మిది మధ్య ఉన్నాయి. ఒక్క పాయింట్ ఎక్కడో ఆకాశంలో ఉంటే దాన్ని పక్కన పెడతాం. ఏ పుస్తకమైనా అదే చెబుతుంది."

"ఏ పుస్తకం చెప్పినా నేను పెట్టను. మామూలు సంవత్సరాల్లో నీళ్ళు ఎంతొస్తాయో అడగడానికి కరకట్ట ఎందుకండీ? కట్ట కట్టేదే ఆ ఒక్క పాయింట్ కోసం. రాత్రి గ్రాఫ్ కాగితం మీద దాన్ని పెట్టి చూశాను. మీ గీత చివర పైకి లేచింది. వందేళ్ళ వరద ఇరవై ఏడు దాటుతోంది. మీ కట్ట మీద రెండడుగుల నీళ్ళు పారతాయి."

"వందేళ్ళకోసారి!"

"ఆ మాట కమిషనర్లకి చెప్పండి, సంతోషిస్తారు. ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక వంతు. అక్కడ ఇల్లు కొనేవాడు ముప్పై ఏళ్ళు బ్యాంకుకి కడతాడు. ఆ ముప్పై ఏళ్ళలో ఆ నీళ్ళు రావడానికి నాలుగింట ఒక వంతు ఛాన్సు. నాలుగింట ఒకటని తెలిస్తే మీ మనవల్ని ఆ ఇంట్లో పడుకోబెడతారా?"

ప్రమోద బయటికి నడిచింది. వాగువైపు గోడకి నిలువుగా బిగించి, గట్టు కిందికి దిగిన తుప్పు గొట్టం కొస మీద చెయ్యి వేసింది. దాన్ని చూస్తే ఎవరైనా కాలువ గొట్టమే అనుకుంటారు.

"ఇది తెలుసా?"

"తెలీదు," అన్నాడు అచ్యుతరావు. ఒప్పుకోవడం ఆయనకి కష్టంగా ఉన్నట్టు కనిపించింది.

"వరద కేసుల్లో ఇలాంటివి చూశాను. దీని అడుగు గేజ్ మీద ఇరవై రెండు దగ్గర ఉంది, కొస ముప్పై దగ్గర. లోపల అడుగుల గుర్తులున్న చెక్క, అడుగున కార్కు పొడి. నీళ్ళెక్కితే పొడి తేలుతుంది, దిగితే ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చెక్కకి అంటుకుపోతుంది. మీ ఇరవై రెండు నిజమైతే పొడి అడుగున ముట్టుకోనట్టు ఉంటుంది. అలా ఉంటే ఇప్పుడే మీ ఎదురుగా సంతకం పెడతాను."

"లేకపోతే?"

"కట్ట లెక్కల మీద మీరు పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటారు."

ఆయన తల ఊపాడు. ప్రమోద పై మూత తిప్పి చెక్కని నెమ్మదిగా బయటికి లాగింది. ఎనిమిదడుగుల చెక్క ఎండలోకి వచ్చింది. కింది గుర్తులన్నీ దాటి, బాగా పైన, చెక్క చుట్టూ వేలెడు వెడల్పున గోధుమరంగు పట్టీ. అచ్యుతరావు మోకాళ్ళ మీద కూర్చుని గుర్తులు లెక్కపెట్టాడు. ఇరవై అయిదు. ఇరవై ఆరు. ఇరవై ఏడు. సగం.

మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఎవరూ దీన్ని ముట్టుకోలేదు కదా?" అన్నాడు, చిన్న గొంతుతో.

"ముట్టుకోవాలంటే ఇదేమిటో తెలియాలి. మర బిగించినవాడికి తెలీదు. ఇంకో సంగతి వినండి. మర బిగిసింది నాలుగూ పదికి. అప్పటికి కాజ్‌వే మీద పది అడుగుల నీళ్ళు. అవతలికి వేరే దారి లేదు. బిగించినవాడు ఈ గట్టు మీదే చిక్కుపడి ఉండాలి, భాస్కర్‌తో పాటు."

అచ్యుతరావు లేవలేదు. కోటు జేబులోంచి చిన్న కాలిక్యులేటర్ తీశాడు. "ఇరవై ఏడున్నర పెట్టి మళ్ళీ చేస్తాను," అన్నాడు. "రెండింటి లోపు అవుతుంది. నువ్వు వెళ్ళి నీ పని చూసుకో ప్రమోదా. ఈ చెక్క నేను కనిపెట్టుకుని ఉంటాను."

పదేళ్ళ పరిచయంలో ఆయన ఆమె మాట వినడం అదే మొదలు.

*

ఆ గట్టు మీద ఫోను ఉన్న ఇల్లు ఒక్కటే. మూడొందల గజాల పైన, దిబ్బ మీద, హేజెల్ టకర్ అనే డెబ్భై ఆరేళ్ళ ఆవిడది. భర్త పోయాక ఒంటరిగా పశువుల్ని చూసుకుంటోంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ప్రమోద వరండా మెట్లెక్కేసరికి పదీ యాభై అయింది.

"మళ్ళీ షెరిఫ్ ఆఫీసా?" అంది హేజెల్, తలుపు తీయకుండానే.

"కాదు. ఆ చనిపోయినతని స్నేహితురాలిని."

తలుపు తెరుచుకుంది. "అయితే కూర్చో. వాళ్ళయితే కూర్చోనివ్వను."

"వాళ్ళు మిమ్మల్ని ఏం అడిగారు?"

"నాలుగింటికి కారు చప్పుడు విన్నావా అన్నారు. ఆ ఉరుములకి నా మాటే నాకు వినపడలేదన్నాను. అతని ఫ్రెండ్ కులాసాయేనా అని నేనడిగాను. ఫ్రెండ్ ఎవరూ లేరమ్మా, ఒక్కడే, మీకు కళ్ళు సరిగ్గా కనపడవు అన్నాడు ఆ కుర్ర డిప్యూటీ. సరే నాయనా అని తలుపేశాను. కళ్ళు కనపడని దానికి నోరెందుకు?"

ప్రమోద కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఎంతమంది వచ్చారు?"

"ఇద్దరు. ఒకే కారులో. రెండింటికి. ఒకతనికి గడ్డం, ఎప్పుడూ వచ్చేవాడే, భాస్కర్. రెండో అతను కొత్త. మొహం చెప్పలేను, నీదే నాకు మసగ్గా ఉంది. కానీ మంచి బూట్లు. నా వరండా అంతా బురద చేశాడు."

"భాస్కర్ మీ ఫోన్ వాడాడా?"

"వాడాడు. తడిసి ముద్దయి వచ్చాడు. యంత్రం ఇరుక్కుపోయింది, బయట అడుగుల గుర్తులున్న కర్ర మీద కళ్ళతో చదువుతున్నానన్నాడు. ఏదో గెలిచినవాడిలా ఉన్నాడు. ఫోన్ అయ్యాక మళ్ళీ కిందికి పరిగెత్తాడు. వెళ్ళొద్దు, కాఫీ తాగు అన్నాను. నోటుబుక్కు అక్కడ వదిలేశానన్నాడు."

షెరిఫ్ వస్తువుల జాబితాలో నోటుబుక్కు లేదు. మర బిగిస్తే సరిపోతుందనుకున్నాడు వాడు. కళ్ళతో చదివి పుస్తకంలో రాసుకునే మనిషిని ఆపడానికి మర చాలలేదు.

"అప్పుడు టైమెంత?"

"నా ఫోన్ ఎవర్నీ ముట్టుకోనివ్వను. నంబరు చెబితే నేనే తిప్పుతాను. లాంగ్ డిస్టెన్స్ అయితే కేలండర్ మీద రాస్తాను, టైముతో సహా. బిల్లులో మోసం చేస్తారు వీళ్ళు." హేజెల్ వంటింటి గోడ వైపు చెయ్యి చూపించింది. "పెద్ద అక్షరాలతోనే రాస్తా. వెళ్ళి చూసుకో."

ప్రమోద లేచింది. మే నెల. పదమూడో తారీఖు గడిలో అంగుళం ఎత్తు అంకెలు. ఐదూ నలభై, దాని పక్కన ఉషా ఇంటి నంబరు. అంకె అంకె సరిపోయింది. ప్రమోదకి కళ్ళు చెమర్చాయి. అప్పటికప్పుడు ఉషాకి ఫోన్ చేసి, నువ్వు పిచ్చిదానివి కావు, నీ టైము నిమిషం తేడా లేకుండా కరెక్టు అని చెప్పాలనిపించింది.

దాని కింద ఇంకో వరస ఉంది. ఆరూ ఇరవై.

"ఇది రెండో అతనిదా?"

"ఊఁ. ఒక్కడే వచ్చాడు. నీ ఫ్రెండ్ ఏడంటే యంత్రం దగ్గర కూర్చున్నాడన్నాడు. ఫోన్ చేసుకుని చీకటిపడేదాకా వరండాలోనే ఉన్నాడు. పొద్దున లేచేసరికి మనిషీ లేడు, కారూ లేదు. నీళ్ళు తీశాక ఇద్దరూ వెళ్ళిపోయారనుకున్నా."

భాస్కర్‌తో సహా వాగులో దొరికిన ఆ కారుని చీకట్లో తోసేసి, నీళ్ళు తగ్గాక వాడు నడిచి దాటి ఉంటాడు. ప్రమోద ఆ గోడ ముందు నిలబడి రెండో నంబరు చదివింది. మళ్ళీ చదివింది. చివరి నాలుగంకెలు పన్నెండేళ్ళుగా ఆమె విజిటింగ్ కార్డు మీద ఉన్నవి.

అది ఆమె సొంత డెస్క్ ఫోను.

ఆ సాయంత్రం ఆరూ ఇరవైకి ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది. ఫోన్ మోగితే ఎత్తింది. 'ప్రమోద గారూ, మధ్యాహ్నం నుంచి జ్వరం. ఇంట్లో పడుకున్నాను. ఏడింటి మీటింగ్ క్యాన్సిల్ అని మీరే చెప్పేయండి' అన్నాడు జగదీష్. వెనకాల వాన హోరు వినిపిస్తోంటే 'మీ వైపు అంత వర్షమా?' అని కూడా ఆమె అడిగింది. 'ఇర్వింగ్ మునిగిపోయేలా ఉంది' అని నవ్వాడు. అరగంట తర్వాత ఆమె ఇర్వింగ్‌కే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. రోడ్డు పొడిగా ఉంది. వాన అవతలి పక్క పడిందేమోలే అనుకుని మర్చిపోయింది.

జ్వరంతో ఇంట్లో ఉన్నాడని ఎవరడిగినా చెప్పే సాక్షిని ఆ ఒక్క ఫోనుతో తయారుచేసుకున్నాడు. సాక్షి తనే.

"ఇక్కడినుంచి నేనొక ఫోన్ చేయాలి," అంది ప్రమోద. హేజెల్ నంబరు అడిగి, తిప్పి, రిసీవర్ అందించింది. జగదీష్ సెక్రటరీ మీనా ఎత్తింది.

"ఆయన లేరు మేడం. మీతో మాట్లాడిన వెంటనే బయల్దేరారు. మీ దగ్గరికే వస్తున్నానన్నారు. ఇంకా రాలేదా?"

ప్రమోద కిటికీలోంచి కిందికి చూసింది. కాజ్‌వే దాటిన నల్ల కారు గేజ్ హౌస్ ముందు ఆగుతోంది. తలుపు తీసుకుని జగదీష్ దిగాడు. చెక్క పక్కన కూర్చున్న అచ్యుతరావు తెలిసిన మనిషిని చూసి గబగబా లేచాడు. ఆయన చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో ఇంతదూరం నుంచి కూడా తెలుస్తూనే ఉంది.

"హేజెల్, షెరిఫ్‌కి ఫోన్ చెయ్యండి. ఆ రోజు వచ్చింది ఇద్దరని చెప్పండి. రెండో అతను ఇప్పుడు గేజ్ దగ్గరున్నాడని చెప్పండి. ఈసారి కూడా కళ్ళు కనపడవంటే ఈ కేలండర్ పైకి చదివి వినిపించండి."

"నువ్వెక్కడికి? ఇక్కడే ఉండు అమ్మాయ్, తలుపు వేస్తాను!"

"ఆయన్ని అక్కడ వదిలి వచ్చింది నేను," అంది ప్రమోద. భాస్కర్ రెండుసార్లు ఫోన్ చేసినప్పుడు తను పలకలేదు. ఈసారి మెట్లన్నీ ఒక్క దూకులో దిగింది.

"అచ్యుతరావు గారూ! అతనికి ఇవ్వకండి!"

ఎదురుగాలి ఆ కేకని వెనక్కి తోసేసింది. ఆమె ముళ్ళకంపల మధ్యనుంచి అడ్డంగా పరిగెత్తింది. సగం దూరం వచ్చేసరికి కింద అచ్యుతరావు చెక్కని రెండు చేతులా ఎత్తి, శిష్యుడికి పాఠం చెప్పినట్టు, ఆ గోధుమరంగు పట్టీ చూపిస్తున్నాడు. జగదీష్ వంగి శ్రద్ధగా చూశాడు. చెక్క అందుకున్నాడు. బొటనవేలితో ఆ పట్టీని ఒక కొసనుంచి ఇంకో కొసదాకా నెమ్మదిగా తుడిచేశాడు.

అచ్యుతరావు చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు. వెనక గట్టు అంచు, దాని కింద ముప్పై అడుగుల లోతున రాళ్ళు.

జగదీష్ ఎనిమిదడుగుల చెక్కని అడ్డంగా పట్టుకుని ఆయన వైపు నడిచాడు. అప్పుడే తల ఎత్తి, దిబ్బ మీంచి దూసుకొస్తున్న ప్రమోదని చూశాడు.